వచ్చే నెల గొంతు

మా అక్కయ్య ఇంట్లోకి ప్లగ్గున్న వస్తువు ఏది రావాలన్నా ముందు అల్లుడుగారు సరేననాలి. ఆయన సరేనన్న రోజు నాకైతే గుర్తు లేదు. బట్టలుతికే మిషను కొందామనుకున్నప్పుడు, సగం నీళ్లతోనే ఉతికేది తయారవుతోందని ఎక్కడో చదివి ఆపించారు. అది దుకాణాల్లోకి వచ్చేసరికి, ఉతికినవి తనే మడతపెట్టేది రాబోతోందని మళ్లీ ఎక్కడో చదివారు. ఈలోగా నా మేనకోడలు, అంటే ఆయన భార్య, సబ్బు నీళ్లలో చేతులు నానబెట్టుకుంటూనే ఉంది. ఫ్రిజ్ సంగతీ అంతే. ఆ ఎండాకాలమంతా ఇంట్లో పాలు విరిగిపోతూ ఉంటే, ఆయన పాలు లేని కాఫీ తాగుతూ వచ్చే ఏటి ఫ్రిజ్ గుణగణాలు వర్ణించారు.

చెడ్డమనిషి కాదు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనరు. అక్కయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డది ఆయనే. కాకపోతే ఈరోజంటే ఆయనకు గిట్టదు. మా ఆవిడ బతికున్నప్పుడు ఆయనకు రేపటిగారు అని పేరు పెట్టింది. ఆ పేరు మా ఇద్దరి మధ్యే ఉండేది. ఇప్పుడు నా ఒక్కడి దగ్గర మిగిలింది.

అక్కయ్యకు బట్టలు కుట్టే దుకాణం ఉంది. వెనక గదిలో మిషన్లు, ఇస్త్రీ బల్ల. ముందు గదిలో ఒక బల్ల, దాని వెనక ఎత్తు కుర్చీ, ఆ కుర్చీలో మెడలో టేపు వేసుకుని అక్కయ్య. కుట్టడం ఎవరైనా కుడతారు. వచ్చినవాళ్లతో మాట్లాడటమే ఆ దుకాణంలో అసలు పని. నడుం కొలిచేటప్పుడు ఎవరైనా పొట్ట లోపలికి బిగబడితే, "వదిలేయండి బాబూ, భోజనం దగ్గర ఎలాగూ వదులుతారుగా," అనేది. అవతలివాడు నవ్వేసరికి అసలు కొలత దొరికేది. పెళ్లి కోటు రేపటికి కావాలంటూ వచ్చినవాణ్ని, పెళ్లి మీకు ఇవాళే తెలిసిందా అని అడిగి, కూర్చోబెట్టి, అయ్యే రోజేదో చెప్పి పంపేది. చెప్పిన రోజుకు ఇచ్చేది.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కింది, మాట దక్కలేదు. ఇంటికి పంపే ముందు నర్సు ఒక చిన్న తెల్ల పలక, పెన్ను తెచ్చి అక్కయ్య ఒళ్లో పెట్టింది. ఆ పెన్ను అడుగంటితే పనికొస్తుందని ఇంకొకటి కూడా, ఎవరూ అడగకుండానే సంచీలో వేసింది. డాక్టరు మాత్రం, "ఒక టాబ్లెట్ కొనుక్కోండమ్మా. టైపు చేస్తే పైకి చదువుతుంది. తెలుగు కూడా చదువుతుంది. మీ దుకాణానికి సరిపోతుంది," అన్నారు.

టాబ్లెట్‌కు ప్లగ్గు ఉంటుంది. అక్కడొచ్చింది చిక్కు.

"ఇప్పుడు కొంటే మోసపోతాం అత్తయ్యా," అన్నారు రేపటిగారు, ఆరోజు సాయంత్రమే. "కొత్తది రాబోతోంది. ఫొటో బయటికి పొక్కింది కూడా."

ఫోను నా ముందు పెట్టారు. ఎవరో పరిగెడుతూ తీసినట్టున్న ఆ ఫొటోలో నల్లటి అంచు ఒకటి కనిపించింది.

"ఇది టాబ్లెట్టేనా? కిటికీ రెక్కలా ఉంది," అన్నాను.

"ఆ అంచు చూడండి మావయ్యగారూ, ఎంత సన్నంగా ఉందో."

"అక్కయ్య అంచుతో మాట్లాడుతుందా?"

"మీకన్నీ వేళాకోళమే. అసలు సంగతి వినండి. ఇందులో మనిషి పాత గొంతు పెట్టుకోవచ్చంటున్నారు. అత్తయ్య మాట్లాడిన రికార్డింగులు కాసిని ఇస్తే చాలు. ఏం టైపు చేసినా అచ్చం అత్తయ్య గొంతుతో చదువుతుంది."

నేను వేళాకోళం మాని ఫోను ఆయన చేతికి తిరిగిచ్చేశాను. నాకు అప్పుడు గుర్తొచ్చింది మా ఆవిడ గొంతని చెప్పనక్కర్లేదు.

అక్కయ్య పలక మీద రాసింది: "ఎప్పుడొస్తుంది?"

"వచ్చే నెల."

"అంతవరకూ కొట్టు?"

దానికీ ఆయన దగ్గర ఏర్పాటు సిద్ధంగా ఉంది. "మా చెల్లెలు ఖాళీగానే ఉంది కదా. ముందు గదిలో అది కూర్చుంటుంది. మీరు వెనక కూర్చుని హాయిగా గుండీలు కుట్టుకోండి. కొత్తది రాగానే మీ కుర్చీ మీది."

అక్కయ్య పలక తుడిచి రాయడం మొదలుపెట్టింది. ఆవిడ రెండో పదంలో ఉండగానే మాట కుర్చీ దాటి టాబ్లెట్ రంగుల మీదికి వెళ్లిపోయింది. బూడిద రంగా, నీలమా అని భార్యాభర్తలు తేల్చుకునేసరికి అక్కయ్య పలక బోర్లించేసింది.

"అమ్మ సరేనంది కదా," అంది మేనకోడలు నాతో, గుమ్మం దగ్గర.

"ఎప్పుడందే?"

"కాదని అనలేదుగా మావయ్యా."

వచ్చే నెల వచ్చింది, టాబ్లెట్ రాలేదు. తయారీలో ఏదో ఆలస్యం అన్నారు. ఆలస్యమైందంటే బాగా చేస్తున్నారని అర్థమట. రేపటిగారు ఆ ఆలస్యాన్ని, సొంత కొడుకుకు మంచి మార్కులొచ్చినట్టు చెప్పుకున్నారు. రోజూ ఒక కొత్త కబురు. బ్యాటరీ పెద్దదంటారు. లేదు, సన్నగా చేయడానికి చిన్నది చేశారంటారు. మడతపడుతుందంటారు. మడతపడదు గానీ, పడేది ఆ తర్వాత వస్తుందంటారు. ఇంకా పుట్టని ఆ వస్తువు తప్పొప్పుల గురించి ఆయన తోటి నిపుణులతో ఫోనులో పోట్లాడేవారు. నేనొకసారి ఆగలేక, "ఇంతకీ అది తెలుగు చదువుతుందా?" అని అడిగాను. అంత చిన్న విషయం ఎవరూ రాయలేదన్నారు.

దుకాణంలో ఆయన చెల్లెలు ఎత్తు కుర్చీలో కూర్చుంది. మంచి పిల్ల, ఎవరికీ కాదని చెప్పలేదు. గురువారానికి కావాలంటే గురువారం, బుధవారానికి కావాలంటే బుధవారం. పొట్ట బిగబట్టినవాళ్లకు బిగబట్టిన కొలతే రాసుకుంది. వెనక గదిలో మిషన్ల వాళ్లు తలలు పట్టుకున్నారు. అక్కయ్య గోడవారగా చిన్న స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేది. ముందు గదిలోంచి తప్పుడు తారీఖు ఒకటి వినిపించినప్పుడల్లా సూది పైకెత్తి ఆగిపోయేది. పలక పట్టుకుని ముందుకు వెళ్తే చెల్లెలు నవ్వుతూ, "మీరెందుకు లేచారు అత్తయ్యగారూ, నేను చూసుకుంటాను కదా," అని భుజాలు పట్టి వెనక్కి తెచ్చి కూర్చోబెట్టేది. పాత ఖాతాదారులు పలకరించేవాళ్లు, కానీ పలక మీద జవాబు పూర్తయ్యేదాకా నిలబడే ఓపిక ఎవరికుంటుంది? తలూపి వెళ్లిపోయేవాళ్లు. కొందరైతే చెవుడు కూడా వచ్చిందనుకుని ఆవిడతో అరిచి మాట్లాడేవాళ్లు.

ఒక ఆదివారం గొంతు వేట జరిగింది. కొత్త టాబ్లెట్‌కు ఇవ్వాలిగా, అక్కయ్య మాటలు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందేసుకుని పాత వీడియోలు వెతికారు. ప్రతి వీడియోలో అల్లుడుగారి గొంతు స్పష్టంగా ఉంది. రాబోయే కారు గురించి, రాబోయే టీవీ గురించి. అక్కయ్య నోరు తెరిచిన చోటల్లా కెమెరా ఆయనవైపు తిరిగి ఉంది. చివరికి అక్కయ్య ఒక్కతే మాట్లాడిన ముక్క ఒకటి దొరికింది. దుకాణంలో తీసింది. "గుండుసూదులు నేల మీద పారబోసిందెవరు? కాలికి గుచ్చుకుంటే మీ బాబొచ్చి తీస్తాడా?"

"ఇది బాగా వచ్చింది," అన్నారు రేపటిగారు తృప్తిగా. "దీంతో సరిపెట్టొచ్చు."

"సరిపెడితే ఇక బాగున్నారా అని అడిగినా తిట్టినట్టే ఉంటుంది," అన్నాను.

అక్కయ్య భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు. ఆపరేషను తర్వాత ఆవిడ నవ్వడం నేను చూసింది అదే మొదలు, ఆ పూటకు నాకది చాలు. కానీ వెంటనే ఆ వీడియో తనే మళ్లీ పెట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని వింది. తర్వాత ఇంకోసారి. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను.

ఎట్టకేలకు ఆ వస్తువును విడుదల చేసే రోజు వచ్చింది. కుటుంబమంతా టీవీ ముందు చేరాం. వేదిక మీద నల్ల చొక్కా ఆయనొకడు టాబ్లెట్‌ను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి చూపించాడు. సభ చప్పట్లు కొట్టింది, రేపటిగారు కూడా కొట్టారు. సన్నదనం గురించి చాలాసేపు, రంగుల గురించి ఇంకాసేపు చెప్పాడు. సొంత గొంతు సంగతి చివర్లో ఒక్క వాక్యంలో వచ్చింది. కొన్ని భాషల్లో, త్వరలో. తెర మీద కనిపించిన ఆ కొన్ని భాషల్లో మనది లేదు.

మేనకోడలు భర్త మొహంలోకి చూసింది.

"త్వరలో అన్నాడు కదా," అన్నారాయన. "ఒక రకంగా మంచిదే. మొదటి విడత సరుకు తెలివైనవాడెవడూ కొనడు. అందులో లోపాలన్నీ తేలాక రెండోది తెస్తారు చూడండి, అసలు దాని..."

అక్కయ్య అప్పటికే లేచి తన గదిలోకి వెళ్లిపోయింది. తలుపు వేసిన చప్పుడు కూడా ఆయనకు వినిపించలేదు.

మర్నాడు పొద్దున్నే నేను టీ కాచుకుంటుంటే తలుపు కొట్టారు. చూస్తే అక్కయ్య. చేతిసంచీ, చెప్పులు, ముందే రాసి తెచ్చుకున్న పలక: "పద, కొనుక్కుందాం. అల్లుడికి చెప్పకు."

"టీ తాగి వెళ్దాం అక్కా."

తల అడ్డంగా ఊపింది. పొయ్యి ఆర్పేశాను.

ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్ మమ్మల్ని చూడగానే గొంతు తగ్గించి, మేలు చేసే మనిషిలా చెప్పాడు. "ఇప్పుడెందుకు సార్? నిన్ననే కొత్తది విడుదలైంది. మా దగ్గరికి వచ్చే నెల వస్తుంది."

అక్కయ్య అతనివంక ఎలా చూసిందంటే, పాపం, అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. పలక ఎత్తి చూపించింది: "ఇవాళ మాట్లాడేది ఏదుంది?"

అతను పలక చూశాడు, ఆవిడ మెడ మీద ఆపరేషను గుర్తు చూశాడు. మరి రాబోయేవాటి ఊసెత్తలేదు. ఒక పాత మోడలు తెచ్చి, టైపు చేస్తే చదివే ఏర్పాటు తనే పెట్టి, తెలుగు కీబోర్డు తెరిచి ఆవిడ ముందుంచాడు. అందులో ఉన్నది మగ గొంతు ఒక్కటే. రైల్వేస్టేషన్‌లో బండి ఆలస్యమని చెప్పే గొంతుకు జలుబు చేసినట్టుంది. మార్చడానికి వీలుందేమోనని అతను కాసేపు వెతికి, లేదన్నాడు.

అక్కయ్య ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుని టైపు చేసింది. మేమిద్దరం ఎదురుచూస్తూ నిలబడ్డాం.

"ధర. తగ్గించు. నాయనా," అంది టాబ్లెట్, దుకాణమంతా వినపడేలా.

సేల్స్‌మన్ నవ్వాపుకోలేకపోయాడు. ధర తగ్గించడం అతని చేతిలో లేదట. పైన తొడిగే అట్ట ఒకటి ఊరికే ఇచ్చాడు.

అక్కణ్నించి తిన్నగా కుట్టు దుకాణానికి వెళ్లాం. ముందు గదిలో ఒక పెద్దమనిషి కోటు బల్ల మీద పరిచి, భుజాల దగ్గర, నడుం దగ్గర వదులు చేయాలి, శుక్రవారానికి కావాలి అంటున్నాడు. తప్పకుండా అని చెల్లెలు రాసుకుంటోంది. అక్కయ్య టాబ్లెట్‌ను కోటు పక్కన నిలబెట్టి టైపు చేయడం మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ, మీరెందుకు..." అని చెల్లెలు లేవబోయింది. అక్కయ్య ఎడమచెయ్యి ఎత్తి ఆపి, కుడిచేత్తో టైపు చేస్తూనే ఉంది.

"శుక్రవారం. అవ్వదు. చంక దగ్గర విప్పాలి. సోమవారం రండి."

వెనక గదిలో మిషన్లు ఒక్కసారిగా ఆగాయి. పెద్దమనిషి ముందు టాబ్లెట్‌ను చూశాడు, తర్వాత అక్కయ్యను.

"శుక్రవారం అని ఈ అమ్మాయి చెప్పింది కదండీ. నాకు శనివారం పని ఉంది."

అక్కయ్య మళ్లీ టైపు చేయసాగింది. అప్పుడు గమనించాను. పలక మీద రాసినప్పుడు చదవాల్సిన పని అవతలివాళ్లది, చదవకుండా పోయేవాళ్లు. ఇప్పుడు ఏదో ఒక మాట వినపడబోతోందని తెలుసు గనుక పెద్దమనిషి నోరు మూసుకుని నిలబడ్డాడు. మేమంతా నిలబడ్డాం. ఇన్ని నెలల్లో అక్కయ్య మాట కోసం ఎవరైనా కాచుకుని ఉండటం అదే మొదటిసారి.

"శనివారానికి. వేరే కోటు వేసుకోండి. ఇది తొడిగితే. అక్కడ. చినుగుతుంది."

ఆయన కోటు భుజం తడిమి చూసుకుని, "సోమవారమే ఇవ్వండి," అన్నాడు.

ఈలోగా చెల్లెలు ఫోను చేసినట్టుంది, అల్లుడుగారు ఆయాసపడుతూ వచ్చారు. టాబ్లెట్‌ను తిప్పి వెనకవైపు చూసి, గుర్తుపట్టి, నీరుగారిపోయారు.

"తొందరపడ్డారు అత్తయ్యా. ఇది ఎప్పటిదో. మావయ్యగారూ, మీరైనా చెప్పొద్దూ? కాస్త ఓపిక పడితే రెండో విడతలో..."

అక్కయ్య టాబ్లెట్ అందుకుని తనవైపు తిప్పుకుంది. వేలు అక్షరాల మీద మెల్లగా తిరుగుతోంది. ఆయన రెండోసారి మొదలుపెట్టబోయి, ఆ వేలిని చూసి ఆగిపోయారు. చాలాసేపు పట్టింది.

"అల్లుడుగారూ. మీ చెల్లెలికి. వెనక గదిలో. స్టూలు ఉంది. నా కుర్చీ. నాకు కావాలి."

"అది కాదత్తయ్యా. ఆ గొంతు ఒకసారి వినండి, మగ గొంతు, అదీ ముక్కుతో. మీకేం బాగుంటుంది? కొత్తదాంట్లో మీ సొంత..."

అక్కయ్య ఈసారి టైపు చేయలేదు. పక్కనున్న బొత్తాం ఒకటి నొక్కింది. అదే మాట, అదే జలుబు గొంతు, మొదటి నుంచి చివరిదాకా. ఆయన నోరు తెరిచారు. మళ్లీ నొక్కింది. ఆ గొంతుకు విసుగు లేదు, అలుపు లేదు, మొహమాటం అసలే లేదు. నాలుగోసారి ఆ గొంతు "నా కుర్చీ" అనేసరికి చెల్లెలు తనే దిగిపోయింది. అల్లుడుగారు అక్కయ్య కూర్చోవడానికి వీలుగా కుర్చీని బల్ల దగ్గరికి జరిపారు. మెడలో టేపు వేసుకుని అక్కయ్య ఎక్కి కూర్చుంది.

కోటు పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, కొలత ఇవ్వాలిగా. ఆవిడ చేతులెత్తమన్నట్టు సైగ చేసింది. ఆయన చేతులెత్తి, పొట్ట లోపలికి బిగబట్టాడు. అక్కయ్య టేపు ఆయన నడుం చుట్టూ అలాగే వదిలేసి, టాబ్లెట్ వైపు చెయ్యి చాపింది.