ఒంటి చుక్క

గోళీ కంటే పెద్దవి కాకూడదు, పెద్దవైతే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండిపోతాయి, మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ నేను చేసిన మాంసపు ఉండల్ని వేలితో కదిపి చూసి ఇది పెద్దది, ఇదీ పెద్దదే అని పక్కన పెట్టేది, ఇప్పుడు ఆ పని కూడా నేనే చేసుకుంటున్నాను, టమాటా సూప్ సన్నని మంట మీద ఉడుకుతోంది, అరచేతుల మధ్య ఉండ తిరుగుతోంది, ఒక్క ఉండకు మణికట్టు ఎన్నిసార్లు తిరగాలో ముప్పై ఏళ్ళలో ఎన్నడూ గమనించలేదు, ఈ నాలుగు రోజులుగా మణికట్లు తప్ప ఇంకేమీ కనబడటం లేదు, బేకరీలో రొట్టె అందించే ఆవిడ మణికట్టు, బస్సు డ్రైవరు మణికట్టు, టీవీలో పొద్దున పదింటి నుంచి సైకిలు పందెం తొక్కుతున్న మగవాళ్ళ మణికట్లు, చక్రం రాళ్ళ దారి ఎక్కగానే ఆ అదురు వేళ్ళలోంచి మోచేతుల దాకా పాకటం కనబడుతోంది, ఊరంతా కాళ్ళు చూస్తోంది, నేను చేతులు చూస్తున్నాను, పన్నెండూ నలభై, ఒంటిగంటన్నరకు ఔడెనార్డె చౌరస్తాలో ఆడవాళ్ళ పందెం మొదలవుతుంది, అందులో మా అమ్మాయి వేర్లె ఉంది, కుడి మణికట్టులో ఎముక విరిగిన మా వేర్లె, ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు, దానికీ నాకూ.

ఏమ్మా గ్రీట్, కాళ్ళెలా ఉన్నాయంటావు, అని ముందుగదిలోంచి మామగారి కేక, ఆయన్ని ఊళ్ళో అందరూ పెపె అంటారు, నేనూ అంతే, ఎనభై మూడేళ్ళు, ఒళ్ళో అట్ట, అట్ట మీద నెల్లి కెఫే వాళ్ళ జోస్యం చీటీ, చెవి మీద పెన్సిల్, చీటీలో ఆడవాళ్ళ పందెంలో మొదట వచ్చే ముగ్గురి పేర్లు రాయాలి, జెండా ఊపకముందే నెల్లి కౌంటరు మీది జాడీలో పడాలి, సరిగ్గా చెప్పినవాళ్ళకి పొగబెట్టిన పంది తొడ మొత్తం ఇస్తుంది, పెపె ఏడుసార్లు తెచ్చాడు, గుండెను పెన్సిల్ దగ్గరికి రానిచ్చినవాడు తొడ ఎముక కూడా చూడడు అంటాడు, అలాంటివాడు ఇవాళ మూడో గీత ఖాళీగా ఉంచి పొద్దుటి నుంచి నన్ను తొలుస్తున్నాడు, మీ ఇష్టం పెపె, ఎవరి పేరైనా రాయండి, అన్నాను, ఇష్టమా, ఇష్టంతో తొడ వస్తుందా, నాకు సమాచారం కావాలి, కన్నతల్లివి, బట్టలుతికి పెట్టావు, తిండి పెట్టావు, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, చెప్పు, కాళ్ళెలా ఉన్నాయి. మా వైపు బాగున్నావా అని అడగరు, కాళ్ళెలా ఉన్నాయంటారు, పెళ్ళిలో అడుగుతారు, చర్చి మెట్ల మీద అడుగుతారు, మా అత్తగారు చివరి వారం మంచంలో ఉన్నప్పుడు చూడవచ్చినవాళ్ళూ అదే అడిగారు, ఆవిడ జబ్బేమో ఊపిరితిత్తుల్లో, కాళ్ళు బాగానే ఉన్నాయని ఆవిడా చెప్పింది, నేను లూవెన్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళు చరిత్ర చదువుకున్నదాన్ని, ఎవరేమడిగారో దానికే జవాబు చెప్పాలి, ఎక్కువా చెప్పకూడదు తక్కువా చెప్పకూడదు అని నేర్చుకున్నదాన్ని, ఆ చదువే నా కొంప ముంచింది.

బుధవారం సాయంత్రం వేర్లె ఇంటికి వచ్చి సూప్ ఎడమచేత్తో తాగింది, అంతే, ఇంకెవరైనా అయితే గమనించేవారు కాదు, మా ఆయన ఎతియెన్ గమనించలేదు, ఎదురుగా కూర్చుని ఆ రోజు పందెంలో ఎవరు ఎక్కడ ముందుకురికారో చెంచాలతో, ఉప్పు డబ్బాతో బల్ల మీద చూపిస్తున్నాడు, ఎవరో జారితే నేనూ పక్కకి పడ్డాను, ఏం కాలేదు, లేచి తొక్కాను, అంది, మోకాలు గీరుకుపోయింది, అందరూ మోకాలు చూశారు, ఎతియెన్ సిగరెట్టుకని బయటికి వెళ్ళగానే నేను దాని చెయ్యి తీసుకుని బొటనవేలి కింద గుంట పడే చోట నొక్కాను, అరవలేదు, కుర్చీ కాలు మాత్రం నేల మీద కిర్రుమంది, ఆ గుంట నాకు తెలుసు, పదకొండేళ్ళ కింద ఎతియెన్ పియర్ చెట్టు మీది నిచ్చెన నుంచి పడితే చివరికి చూసిన డాక్టరు అక్కడే నొక్కాడు, ఆ చిన్న ఎముకకు నెత్తురు ఒక్క వైపు నుంచే వస్తుందమ్మా, కదిలితే ఆ ముక్క చచ్చిపోతుంది, అన్నాడు, మూడు నెలలు బెణుకే బెణుకే అని తిరిగి ఆలస్యం చేశాడు కాబట్టి ఎతియెన్ ఇప్పటికీ జామ్ సీసా మూత తీయలేడు, మూత నేనే తీస్తాను, వేర్లెకు ఇరవై నాలుగేళ్ళు, ఇంకో అరవై ఏళ్ళు సీసాల మూతలు తీసుకోవాలి, అదొక్కటే అయితే బాగుండు, పందెం దారిలో గుట్ట ఎక్కటానికి చేతులు అంతగా అక్కర్లేదేమో, ఎక్కినవాళ్ళు దిగాలి కదా, వానకు తడిసిన రాళ్ళ మీద అరవై కిలోమీటర్ల వేగంతో దిగుతూ కుడిచేత్తో బ్రేకు పట్టలేని పిల్ల. ఎవరికీ చెప్పొద్దమ్మా, అంది, ఒక్కమాట బయటికి పొక్కితే నన్ను పందెంలోంచి తీసేస్తారు, జట్టుతో నా ఒప్పందం శరదృతువుతో అయిపోతుంది, నాలుగేళ్ళు జట్టులో వేరేవాళ్ళు గెలవటానికి వాళ్ళ నీళ్ళ సీసాలు మోశాను, ఈ ఒక్క ఆదివారం కూడా పోతే ఇంకెవరు తీసుకుంటారు నన్ను, నువ్వు చెప్పావంటే ఇంక ఇంటికి రాను, అంది, సరే, అన్నాను, సరే అనటానికి ఎంతసేపు పట్టింది, నోట్లో ముద్ద మింగేంత సేపు కూడా పట్టలేదు.

గురువారం ఫోన్ మోగింది, పత్రికాయన, ఆదివారం పందెం జోస్యం రాసే ఆయన, చాలా మర్యాదస్థుడు, అమ్మా, పేరున్నవాళ్ళ సంగతి అందరూ రాస్తారు, నేను పేరు లేనివాళ్ళ ఇళ్ళకు కూడా ఫోన్ చేస్తుంటాను, మీ అమ్మాయి కాళ్ళెలా ఉన్నాయి, అన్నాడు, నేను ఒక్క క్షణం ఆలోచించాను, నిజంగా ఆలోచించాను, అబద్ధం చెప్పకూడదు, మాట తప్పకూడదు, కాళ్ళ గురించే కదా అడిగాడు, కాళ్ళు బాగున్నాయండి, అన్నాను, రెండు వైపులా న్యాయం చేశాననుకుని ఫోన్ పెట్టేసి చాలా సేపు నాలో నేనే సంతోషించాను కూడా, శనివారం పొద్దున పత్రిక వచ్చింది, ఆడవాళ్ళ జాబితాలో గెలుస్తారనుకునే ఆమెకు అయిదు చుక్కలు, తరవాతివాళ్ళకు నాలుగు, మూడు, రెండు, అట్టడుగున ఒంటి చుక్కవాళ్ళు ఆరుగురు, అందులో వేర్లె, పక్కన ఒక వాక్యం, కాళ్ళు ఎన్నడూ లేనంత బాగున్నాయని ఇంటివాళ్ళ మాట, ఎన్నడూ లేనంత అని నేను అన్లేదు, ఆ ముక్క ఆయన కలిపాడు, కాని ఎవరికి చెప్పుకోను, ఏమని దిద్దుకోను, కాళ్ళు మామూలుగా బాగున్నాయి అని దిద్దమననా.

చుక్క వచ్చిందే, మన పిల్లకు చుక్క వచ్చిందే, అని ఎతియెన్ వంటింట్లో నా నడుం పట్టుకుని గిర్రున తిప్పాడు, అతను అలా తిప్పి ఎన్నేళ్ళయిందో, ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు, దాని చెయ్యి చూశావా నువ్వు, అన్నాను, అంతవరకే అనగలిగాను, చెయ్యేంటి, సైకిలు చేత్తో తొక్కుతారా, అని నవ్వాడు, పెపె కూడా నవ్వాడు, కోడలికి చరిత్ర చెప్పారుగాని సైకిలు ఏ అవయవంతో తొక్కుతారో చెప్పలేదురా, అన్నాడు, మధ్యాహ్నం వేర్లె ఫోన్ చేసింది, మా జట్టు పెద్దాయన పత్రిక చూశాడమ్మా, పథకం మార్చాడు, నన్ను ఇంక ఎవరికీ గాలి తగలకుండా ముందు తొక్కొద్దన్నాడు, చివరి రెండు గుట్టల దగ్గర నీ పందెం నువ్వే తొక్కుకో అన్నాడు, గొంతు ఎత్తుగా, పల్చగా ఉంది, చిన్నప్పుడు జ్వరం వచ్చే ముందు అలా ఉండేది, అంటే సీసాలు మోసి మధ్యలో నెమ్మదిగా తప్పుకునే దారి కూడా లేదు, వెనకబడి ఎవరూ చూడకుండా దిగిపోయే దారి లేదు, అందరి కళ్ళూ దాని మీదే, ఆ కళ్ళని అక్కడికి తిప్పినదాన్ని నేనే.

జట్టు డాక్టరు నంబరు ఫ్రిజ్ తలుపు మీదే ఉంటుంది, ఎప్పుడో వేర్లె రాసి పెట్టింది, ఎతియెన్ ఆ చుక్కల కాగితాన్ని సరిగ్గా దాని మీదే అంటించాడు, నిన్నటి నుంచి ఆ కాగితం కింది అంచు ఎత్తి చూడటం, మళ్ళీ వదిలేయటం, ఏమని చెప్పాలి, ఎముక విరిగింది అంటే నేను డాక్టర్నా, నొప్పిగా ఉంది అంటే నవ్వుతారు, ఈ రోజు బయల్దేరే నూట నలభై మందిలో నొప్పి లేనిది ఎవరికి, దాని చెయ్యొకసారి నొక్కి చూడండి, బొటనవేలి కింద, అంటే చాలు, పట్టుమని పది మాటలు లేవు, ఎవరు ఫోన్ చేశారో వేర్లెకు ఒక్క క్షణంలో తెలిసిపోతుంది, మాట తప్పిన తల్లి, పిల్ల ఎదుగుతుంటే ఓర్వలేకపోయిన తల్లి, జీవితాంతం ప్రతి పండక్కీ ఖాళీగా ఉండే కుర్చీ, పోనీ కుర్చీ ఖాళీగా ఉన్నా చెయ్యి బాగుంటే చాలదా, చాలు, చాలంటే మరి ఫోన్ ఎందుకు తీయవు గ్రీట్, చేతులు మాంసంతో జిడ్డుగా ఉన్నాయి, కడుక్కుని తీస్తాను, కడుక్కున్నాను, మళ్ళీ ఉండలు మొదలుపెట్టాను.

సరేలే, మూడో గీతలో మన పిల్లనే రాశాను, అని పెపె వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, గొడుగు, టోపీ, చీటీ జేబులో, నలభై ఏళ్ళలో గుండె మాట విన్నది ఇదే మొదలు, పోతే నీదే పాపం, తొడ రాకపోతే ఏడాదంతా నీ ఎండు రొట్టెలే గతి నాకు, వెళ్ళొస్తా, అన్నాడు, ఆగండి పెపె, అన్నాను, ఏంటి, అన్నాడు, ఆ కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా మెరుస్తున్నాయి, మఫ్లరు సరిగా చుట్టుకోండి, అన్నాను, మఫ్లరు, ఎనభై మూడేళ్ళ మనిషితో నేను చెప్పగలిగింది మఫ్లరు, తలుపు మూసుకుంది, ఎతియెన్ పదింటికే గుట్ట మీద చోటు పట్టటానికి వెళ్ళిపోయాడు, నా నార దుప్పటి మీద నీలిరంగుతో వేర్లె అని రాసి పక్కన పెద్ద చుక్క వేసి పట్టుకెళ్ళాడు, ఇంట్లో నేనూ, సూపూ, టీవీలో వాన.

ఒకటీ పదికి ఫోన్ మోగింది, అమ్మా, నేనే, బస్సులో ఉన్నాను, ఇంకాసేపట్లో బయల్దేరే గీత దగ్గరికి వెళ్ళాలి, అక్కడ వాన పడుతోందా, అన్నాను, సన్నగా పడుతోంది, అంది, తిన్నావా, తిన్నాను, అన్నమే, ఉప్పు లేని అన్నం, వెనక ఎవరో పాట పెట్టారు, ఎవరో నవ్వుతున్నారు, నాన్నేడీ, గుట్ట మీద, నా నార దుప్పటితో, అయ్యో, ఆ మంచి దుప్పటా, అదే, నవ్వింది, నవ్వటం అయిపోయింది, ఫోన్ పెట్టలేదు, ఊపిరి వినబడుతోంది, ఇంకేంటమ్మా, అంది, ఏం లేదు, అన్నాను, నిజంగా ఏం లేదా, అంది, లేదు, అన్నాను, నాకేమైనా చెప్పాలా నువ్వు, అంది, గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినబడకుండా, నా నాలుక మీద మాట సిద్ధంగా ఉంది, దిగిపో వేర్లె, దిగి ఇంటికి రా, అంతే, నోరు తెరిచాను, కాళ్ళెలా ఉన్నాయి, అన్నాను, నేనే అన్నాను, ఇంకెవరో నా నోట్లో కూర్చుని అన్నట్టుగా, ఈ ఊరి నేల, ఈ ఊరి గాలి అన్నట్టుగా, బాగున్నాయమ్మా, కాళ్ళు బాగున్నాయి, అంది, బడిలో టీచరు ముందు నిలబడి అప్పజెప్పినట్టు, పెట్టేసింది.

టీవీలో మగవాళ్ళని వదిలేసి చౌరస్తా చూపిస్తున్నారు, రంగురంగుల వాన కోట్లు ఒక్కొక్కటే విప్పి ఇచ్చేస్తున్నారు, ఎక్కడో మధ్యలో మా వేర్లె ఎర్ర టోపీ, అదేనా, అదే, సైకిలు హ్యాండిలు మీద ఎడమ చెయ్యి, కుడి చెయ్యి తొడ మీద, వేళ్ళు ముడిచి, ఇంత స్పష్టంగా కనబడుతోంది కదా, కోట్లమంది చూస్తున్నారు కదా, ఎవరికీ ఎందుకు కనబడదు, జెండా ఊపారు, అందరూ ఒక్కసారి కదిలారు, ఎర్ర టోపీ రెండు సెకన్లలో కలిసిపోయింది, సూప్ పొంగి పొయ్యి మీద పడి చర్రుమంది, దాన్ని తగ్గించాలి, తగ్గించటం లేదు, బుధవారం జట్టు వ్యాను గెంట్‌లో అది ఉండే గది వాకిట్లోనే దించేది, అందరినీ అలాగే దించింది, స్నానం, నిద్ర, ఎవరి కంటా పడక్కర్లేదు, దాచాలనుకున్న మనిషికి అంతకంటే ఏం కావాలి, అయినా అది దారిలో వ్యాను దిగి, ఒక రైలు మారి, బస్సెక్కి, ఎడమ భుజాన బ్యాగు మోసుకుంటూ, సూప్ ఎడమచేత్తో తాగితే గమనించే మనిషి ఎక్కడుందో వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చింది, చెయ్యి నా చేతికిచ్చింది, చెప్పొద్దమ్మా అని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది, నేను సరే అన్నాక కూడా చూస్తూనే ఉంది, ఆపమని తనంతట తాను అడగలేదు, అడిగితే తనే ఆగిపోయినట్టవుతుంది కాబట్టి, అది ఇంటికి వచ్చింది నాచేత ఆపించుకోవటానికి.