బొట్టు పెట్టని గ్యాసు

వరహాలమ్మ పొయ్యి అంటించబోయేసరికి సిలిండరు లోపలినుంచి గడియ వేసుకుని ఉంది. పదకొండుకి మొదటి బంతి, ఆరువందల విస్తళ్లు. తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పెళ్లివంట.

"ఆడమనిషి ఇంతమందికి వండుతుందా అని ముందే మొత్తుకున్నాను," అంటాడు పెళ్లిపెద్ద గంగరాజు. "అన్నం ఉడికేలోపు మా పరువు ఉడికిపోతుంది."

వరహాలమ్మ గరిటెతో సిలిండరు తడుతుంది. "ఏమైందయ్యా?"

"ఫోను కొడితే వచ్చేస్తామా?" లోపలినుంచి గ్యాసు అంటుంది. " వండేది నువ్వు, పిలవాల్సిందీ నువ్వే. మావాళ్లందరికీ బొట్టు పెట్టి పిలు."

న్యాయమే. "మీవాళ్లెవరు?"

"ఒంట్లో కర్బనం, హైడ్రోజను తప్ప మూడోది లేనివాళ్లు. కర్బనానికి నాలుగు చేతులు, హైడ్రోజనుకి ఒక్కటి. చెయ్యి కలిస్తే చుట్టరికమే."

వరహాలమ్మ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరుతుంది. వరిచేలో బురద కింద మీథేను, ఒక కర్బనం నాలుగు హైడ్రోజన్ల చిన్న కాపురం, బుడగలో కూర్చుని ఉంది. బొట్టు పెడితే బుడగ చిట్లదు. గేదె త్రేన్పులో ఉన్నది దాని చెల్లెలు. ఆమెకీ పెడుతుంది. బీరువాలో కలరా ఉండలు "మేం ఉమ్మడి గోడ కాపురాలం, రెండు బొట్లు పెట్టు" అంటాయి. నిమ్మతొక్క వాసన నుదురు చూపిస్తుంది. టమాటా ఎరుపుకి పెట్టిన బొట్టు కనబడదు గాని, అది సంతోషిస్తుంది. రోడ్డు మీది తారు తల ఎత్తడానికే అరగంట తీసుకుంటుంది.

చివరికి కొబ్బరితోట కింద మూడు కిలోమీటర్ల మెట్లు దిగుతుంది. రాతి రంధ్రాల్లో ముడిచమురు జేజెమ్మ. ఒకప్పుడు సముద్రంలో కంటికి ఆనని జీవుల గుంపట. బురద కప్పుకుని పడుకుని కోట్ల ఏళ్లయిందట.

వరహాలమ్మ బొట్టు పెడుతుంది. జేజెమ్మ కళ్లు నల్లగా చెమరుస్తాయి. "గొట్టం పెట్టి లాగినవాళ్లే గాని, బొట్టు పెట్టి పిలిచినవాళ్లు లేరే తల్లీ!"

చేయీ చేయీ పట్టుకుని అందరూ మేళంతో పందిట్లోకి వస్తారు. సిలిండరు గడియ తీస్తుంది. నీలిమంట నిలువెత్తున లేస్తుంది. పదకొండు కొట్టేసరికి అన్నం, పప్పు, పులుసు, బూరెలు! గంగరాజు మూడోసారి మారు అడుగుతాడు.

"పరువు ఉడికిందా బావగారూ?" వరుస కలిపి అడుగుతుంది వరహాలమ్మ.

"మెతుకు మెతుకూ ఉడికిందమ్మా. నా నోరే పచ్చిది."

వరహాలమ్మ నవ్వి, కర్బనంలా నాలుగు చేతులతో వడ్డిస్తుంది: ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో పప్పు, ఒక చేత్తో నెయ్యి. నాలుగో చెయ్యి ఖాళీగా ఉంది. గంగరాజు తనకున్న ఒక్క చెయ్యీ అందులో పెడతాడు. పందిరి నేల వదిలి లేస్తుంది. కొబ్బరిమట్టల మీదుగా ఆరువందలమందీ బూరెలు నములుతూ, నడినెత్తిన నీలిదీపాలతో, వరహాలమ్మ చుట్టూ తిరుగుతుంటారు.