నైరుతి మూల అల్మారీ

అనుసూయాబాయి తన కోడలికి అల్మారీ కొనిస్తానని నోరు తెరిచి అన్న రోజు ఇంట్లో ఎవరికీ నమ్మకం కలగలేదు. ఎలా కలుగుతుంది చెప్పండి? పెళ్లయి మూడేళ్లయినా దేవకి చీరలు అత్తగారి ఇనుప పెట్టెలోనే ఉన్నాయి. చీర మార్చుకోవాలంటే కిందికి దిగి, తాళంచెవి అడిగి, "ఇప్పుడెందుకే?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకుని, అప్పుడు కట్టుకోవాలి. అలాంటి ఇంట్లో కోడలికి సొంత అల్మారీ అంటే మాటలా!

"నీ ఇష్టం బిడ్డా, నువ్వే చూస్కో. తర్వాత నాకు నచ్చలేదని అనొద్దు" అంది అత్తగారు. దేవకి ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ మాటలో మెలిక ఉందని ఆ పిచ్చి పిల్లకు తట్టనే లేదు. బిలోలి దగ్గర పల్లెలో పత్తి చేలల్లో తిరుగుతూ పెరిగిన పిల్ల, నాందేడ్ దుకాణదారుల మెలికలు దానికెలా తెలుస్తాయి?

వాళ్లది కిరాణా దుకాణం. కింద ముందువైపు దుకాణం, వెనక వంటిల్లు, పైన దేవకి, ఆమె భర్త అంబాదాస్ ఉండే గది. ఆ గదికి ఒక్కటే కిటికీ, దక్షిణపు గోడకు. బయట సందు ఎంత ఇరుకంటే, అవతలి మేడ మీద కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న ఇందుబాయి చెయ్యి చాపితే ఇవతల దేవకి అందుకునేది. ఇందుబాయిని పెనిమిటి వదిలేసి చాలా కాలమైంది. దేవకి ఆమెతో మాట్లాడటం అనుసూయాబాయికి గిట్టదు. అందుకే మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళే దేవకికి బడి. గుడ్డముక్క, కత్తెర, సుద్దముక్క కిటికీలోంచి ఇటు వచ్చేవి. కత్తిరించినవి అటు పోయేవి. జాకెట్టు చేతులు కుట్టడం వచ్చేసింది. కాజాలు కుట్టడం రావాలి. నడుం విరిగితే విరగనీ, ఆ గంట కోసమే దేవకి తెల్లవారుజామున లేచి ఇంటెడు చాకిరీ చేసేది. ఇంకెందుకూ కాదు, నిజం.

పోలీసు యాక్షన్‌లో నిజాం రాజ్యం పోయి పాతికేళ్లయినా నాందేడ్‌లో పాత దేవిడీల, ఆ పెద్ద పెద్ద మేడల సామాను ఇంకా అమ్ముడుపోతూనే ఉంది. నవాబుల కాలం నాటి మంచాలు, కుర్చీలు, గడియారాలు షరీఫ్ మియా ఇత్వారా బజారులోని తన రేకుల షెడ్డులో కుప్ప పోసి అమ్ముతుండేవాడు. అత్త, కొడుకు, కోడలు ముగ్గురూ రిక్షా ఎక్కి అక్కడికి వెళ్లారు. మూడేళ్లలో దేవకి గుడికి కాక వేరే పనికి బయటికి రావడం అదే మొదటిసారి. రిక్షా గంట మోగినప్పుడల్లా నవ్వొచ్చింది ఆమెకు.

షెడ్డు చివర ఉంది ఆ అల్మారీ. నల్లబడ్డ టేకు, రెండు తలుపులు, నెత్తిన చెక్కిన ద్రాక్షగుత్తులు, ఒక తలుపు నిండా నిలువుటద్దం. అద్దంలో దేవకి నెత్తి నుంచి కాళ్ల దాకా కనిపించింది. అంబాదాస్ గడ్డం గీసుకునే అరచేతి అద్దం తప్ప ఆ ఇంట్లో మరో అద్దం లేదు. అబ్బ, నేను ఇంత చిక్కిపోయానా అనుకుంది. అయినా తనను తాను నిండుగా చూసుకోవడం బాగుంది. తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"నచ్చిందా?" అంది అనుసూయాబాయి.

"మస్తుగున్నది అత్తమ్మా."

ఆ మాట కోసమే కాచుకున్నట్టు అత్తగారు కొంగుముడి విప్పింది. లోపల చుట్టిపెట్టిన దారం ఉంది. దాన్ని అల్మారీ వెనక్కు పట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. "సరిగ్గ సరిపోయింది. మీ గదిల నైరుతి మూల కెల్లి పొద్దున్నే కొలుసుకొచ్చిన" అంది.

దేవకి తలుపు మీంచి చెయ్యి తీసేసింది. నైరుతి మూల అంటే దక్షిణపు గోడ, పడమటి గోడ కలిసే చోటు. కిటికీ ఆ మూలకు పక్కనే ఉంది. ఆ దారం ఎంత పొడుగుందో అంత మేరా అల్మారీ నిలబడితే కిటికీ దాని వీపు వెనక్కు పోయినట్టే.

పక్కనే ఒంటి తలుపు అల్మారీ ఒకటి సన్నగా, బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. మూలకూ కిటికీకీ మధ్య ఉన్న గోడలో అది ఒదిగిపోతుంది. "అత్తమ్మా, గిది మంచిగున్నది. నాకు గింత చాలు" అంది గబగబా.

"గదేంది, బొమ్మలు పెట్టుకునేటిదా? ఇప్పుడే కదా మస్తుగున్నదంటివి!"

"అమ్మ కొనిస్తనంటే వద్దంటవేందే?" అన్నాడు అంబాదాస్ నవ్వుతూ.

కిటికీ మూసుకుపోతుంది అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ ఎలా అంటుంది? కిటికీతో నీకేం పని అంటారు. ఆ ప్రశ్నకు జవాబు ఇందుబాయి. ఆ పేరు నోట్లోంచి వస్తే కిటికీకి అల్మారీ కాదు, మేకులే పడతాయి. దేవకి మింగలేక కక్కలేక నిలబడింది. చివరకు ఒక ఉపాయం తట్టింది. దీనికి వంకలు పెడదాం, అత్తగారి మనసు విరిగిపోతుంది అనుకుంది.

"గీ కాలుకు చెదలు పట్టినట్టున్నది" అంది వంగి.

షరీఫ్ మియా వచ్చి కాలు మీద తట్టాడు. "చెదలు నై బేటీ, పాత గీత అది. అయినా నీ మాట మీద జర తగ్గిస్త" అన్నాడు.

అనుసూయాబాయి కళ్లు మెరిశాయి. దేవకికి అది కనిపించలేదు. అద్దం మూలన మరక ఉందంది. ధర తగ్గింది. తలుపు కిర్రుమంటోంది అంది. ఇంకా తగ్గింది. లోపల ఎలుకల కంపు కొడుతోందని ముక్కు మూసుకుంది. షరీఫ్ మియా తల గోక్కుని మళ్లీ తగ్గించాడు. దేవకి ఎంత తిడితే అల్మారీ అంత చవకైంది. అత్తగారి మొహం అంత విప్పారింది.

"చూస్తున్నవారా అంబాదాసూ? నీకన్న నయం! మూడేండ్ల కెల్లి దీన్ని వంటింట్ల కూసోబెట్టి తప్పు చేసినం" అని కొడుకు భుజం మీద చరిచింది.

అప్పటికి గానీ దేవకికి అర్థం కాలేదు. దుకాణం వాళ్ల ఇంట్లో వంక పెట్టడమంటే కొనడానికి మొదటి మెట్టు. వద్దనుకున్న సరుకును వాళ్లు ముట్టుకోను కూడా ముట్టుకోరు. అయ్యో, ఎంత పని చేశాను అనుకుంది. ఇక మిగిలింది ఒకటే దారి. ఏ మనిషీ ఒప్పుకోని ధర చెప్పాలి, ముసలాయన మండిపడి వెళ్లిపొమ్మనాలి. ఆయన చెప్పినదాంట్లో సగం, ఆ సగంలో సగం చేసి, "గింతకైతే ఇయ్యి, లేకుంటే లేదు" అనేసింది.

అంబాదాస్ సిగ్గుతో తల దించుకున్నాడు. షరీఫ్ మియా అల్మారీ వంక, ఆ తర్వాత దేవకి వంక చూశాడు. తిట్టు తాతా, గట్టిగా తిట్టు అని మనసులో మొక్కుకుంది దేవకి.

"లేజావ్ బేటీ" అన్నాడాయన. "నాలుగు మంచాల జాగ తిన్నది ఇది. వానలు పడేలోపల్నే నా షెడ్డు ఖాళీ గావాలె. తీస్కపో."

"ఊరికే అన్న తాతా, ఊరికే!" అంది దేవకి.

అనుసూయాబాయి మొహం ముడుచుకుంది. "ఊరికే అంటరా? దుకాణమోళ్ల కోడలివి నువ్వు. ధర చెప్పి ఎనుకకు పోతే రేపు మనకు బజార్ల ఎవడు సరుకిస్తడు? నీ నోటితోని నువ్వే అంటివి" అంది. అంతటితో బేరం ముగిసింది.

హమాలీలు అల్మారీని విడగొట్టి తెచ్చి, మెట్లు ఎక్కించి, పైన మళ్లీ బిగించారు. అంబాదాస్ కిటికీ తలుపులు మూసి గడియ పెట్టాడు. మిట్టమధ్యాహ్నం గదిలో దీపం వేయాల్సి వచ్చింది.

"ఉత్తరం గోడకు పెడ్దమా అత్తమ్మా?" అని అడిగింది దేవకి. అడగకుండా ఎలా ఉంటుంది?

"బరువు నైరుతిలనే ఉండాలె. తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలె, కుబేరుని దిక్కు. మీ ఊర్ల చెప్పలేదా?"

నలుగురు మనుషులు భుజాలు పెట్టి దాన్ని గోడకు నెట్టారు. కిటికీ సన్న గీతై, ఆ గీత కూడా పోయింది. హమాలీలకు చాయ్ ఇప్పించడానికి అంబాదాస్ కిందికి వెళ్లాడు. అత్తాకోడళ్లు ఇద్దరే మిగిలారు. దేవకి ఇక ఆపుకోలేకపోయింది.

"అత్తమ్మా, నా కిటికీ మూసుకపోయింది" అంది. అని బావురుమంది.

"తెల్వదా బిడ్డా నాకు?" అంది అనుసూయాబాయి. గొంతులో కోపం లేదు. కోడలి కళ్లు తన కొంగుతోనే తుడిచింది. "నాకూ గీ ఇంట్ల ఒక కిటికీ ఉండె, వంటింట్ల. బయట గాజులామె వచ్చి కూసునేది, మాట్లాడుకునేటోళ్లం. మా అత్త దానికి ఇటుకలు పెట్టిచ్చింది. ఎన్ని దినాలు ఏడ్సిన్నో. నీకట్ల చెయ్యొద్దనుకున్న. అందుకే నీకు అద్దం పెట్టిచ్చిన."

ఆమె తన పెట్టెలోంచి తెచ్చిన కోడలి చీరలు ఒక్కొక్కటే మడత సరిచేస్తూ అందించసాగింది. దేవకి అందుకుని అరల్లో పెడుతోంది. అంబాదాస్ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అప్పుడే వినిపించింది. టేకు పలకల వెనక నుంచి, మూసిన తలుపుల అవతల నుంచి, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు.

"దేవకీ! ఓ దేవకీ! కాజాలు కుడ్దం రావే!"

అనుసూయాబాయి చెయ్యి చీర మీద ఆగింది. కానీ తల ఎత్తలేదు. అంబాదాస్ అటూ ఇటూ చూశాడు.

"ఎవరు పిలుస్తున్నరు నిన్ను?" అన్నాడు.

ఇంకోసారి పిలిచింది ఇందుబాయి. ఈసారి కాస్త గట్టిగా, కంగారుగా. అద్దంలో భర్త, అత్తగారు, తాను ముగ్గురూ కనిపిస్తున్నారు దేవకికి.

"ఎవరు లేరు" అంది. అని, అత్తగారి చేతిలోని చీర అందుకుంది.