మదీనాబీ ఖులా

శ్రీకాకుళంలో ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్న రెహానాకు తిరుమలరావు మేష్టారు ఇచ్చిన ప్రాజెక్టు, సంఘర్షణ సిద్ధాంతం వెలుగులో ముస్లిం కుటుంబ చట్టం. నియమాలన్నీ పైచేయి ఉన్నవాళ్లకు అనువుగా తయారవుతాయని, కిందివాళ్లు పట్టుబడితే తప్ప మారవని ఆ సిద్ధాంతం. ఉదాహరణ కోసం రెహానా నెల్లిమర్లలో ఉన్న పిన్ని దగ్గరికి వెళ్లింది.

పిన్ని మదీనాబీ జూట్ మిల్లులో పని చేస్తుంది. లారీ నడిపే మొగుడు జిలానీ ఆరేళ్ల కిందట రాయపూర్‌లో ఇంకో పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. రాడు, తలాక్ చెప్పడు. భార్య కోరి తీసుకునే విడాకులు, ఖులా, ఇప్పించమని ఆమె మసీదు కమిటీని అడిగింది. మొగుడు ఒప్పుకోవాలన్నారు. కమిటీలో ఏడుగురూ మగవాళ్లే.

రెహానా సిద్ధాంతమంతా వివరించింది. మదీనాబీ చింతపండు పిక్కలు తీస్తూ విన్నది.

"ఇదేటే, మా యూనియనోళ్లు సెప్పిందే కదా! దీనికి ఎం.ఏ. సదవాలేటి?"

మర్నాడు షిఫ్టు దిగి తిన్నగా కమిటీ ఆఫీసుకెళ్లి గుమ్మం పక్కన కూర్చుంది. నోటుపుస్తకంతో రెహానా కూడా కూర్చుంది.

"కాస్త ఓపిక పట్టమ్మా" అన్నాడు అధ్యక్షుడు కరీముల్లా సాహెబు.

"పడతన్నాను కదా సాయిబూ. ఇక్కడ కూకుని పడతన్నాను."

రోజూ అదే. నమాజుకొచ్చిన ప్రతివాడూ సంగతేమిటని అడిగేవాడు. ఆమె ప్రతివాడికీ మొదటినుంచీ చెప్పేది. పన్నెండో రోజున సాహెబే జిలానీకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"మెహరు తిరిగిచ్చెయ్యమనండి, ఒప్పుకుంతాను" అన్నాడు జిలానీ. మెహరంటే పెళ్లిలో మొగుడు భార్యకు ఇస్తానని ఒప్పుకునే సొమ్ము.

"ఇయ్యనిది తిరిగెలాగిస్తానురా?" అంది మదీనాబీ.

కమిటీ వాళ్ల పెళ్లి పత్రం, నిఖానామా, తీసి చూసింది. మెహరు తరవాత ఇచ్చేటట్టు రాసి ఉంది. ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఏడుగురూ ఫోన్‌కేసి చూశారు.

"అది నాకొద్దు, ఒదిలేసినానని రాసుకోండి" అందామె.

అవతల జిలానీకి అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. సరేనన్నాడు. సాక్షులు సంతకాలు పెట్టారు.

బస్టాపు దగ్గర మదీనాబీ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, ఉన్నట్టుండి ఏడ్చింది. రెహానా కంగారు పడింది.

"నెగ్గినావు కదా పిన్నీ, మరేటి?"

"పదకొండేళ్లు వండిపెట్టినానే ఆడికి. అదీ రాసుకో."

రెహానా నోటుపుస్తకం తెరిచింది. ఏ శీర్షిక కింద రాయాలో తోచలేదు. మూసేసి, పిన్ని చెయ్యి పట్టుకుంది.