భయం లేని పూట

బెల్టు బకిలు మూడోసారి వీపు మీద పడ్డాక బొద్దు అరవడం మానేసింది. గోడకీ బీరువాకీ మధ్య ఇరుక్కుని, పదకొండేళ్ళ ఆ ఆడకుక్క వణుకుతూ నిలబడింది. అది పడుకున్న గోనెపట్టా మీద అరచేతంత తడి.

"మళ్ళీ పోసింది! ఇది ఇల్లనుకుంటోందా, మురుక్కాలవ అనుకుంటోందా?"

బెల్టు పట్టుకున్న ఇంటాయన లారీ డ్రైవరు. తెల్లవారుతూనే ఇంటికొచ్చి, చెప్పులు విప్పకముందే ఆ పట్టా తడిమి చూడటం ఈ మధ్య అతనికి అలవాటైంది.

"ముసలిదైపోయిందండీ. తెలిసి చెయ్యట్లేదు," అంది భార్య.

"నీకు కూడా తెలియకుండానే నోరు లేస్తుందిలే!"

వెనక్కి విసిరిన చెయ్యి ఆమె చెవి మీద పడింది. చెవిలో కాసేపు ఈల మోగింది. అది తగ్గేదాకా ఆగి, ఆమె కుక్కను పెరట్లోకి తీసుకెళ్ళింది. దాని కాళ్ళ మధ్య గరిటె పెట్టి ఉచ్చ పట్టి, సీసాలో పోసి మూత బిగించింది. అది మూడో రోజు సీసా.

గరిటె సంగతి పశువుల డాక్టరమ్మ చెప్పింది. వేలాడే పొట్టనూ, వెంట్రుకలు ఊడిన వీపునూ చూసి, పడక తడుస్తోందని విని, "ఒంట్లో ఒక హార్మోను మోతాదు మించి తయారయ్యే జబ్బు కావచ్చు. ముసలి కుక్కల్లో వస్తుంది," అంది. "కాకపోతే భయపడితే చాలు, జబ్బు లేని కుక్కలో కూడా ఆ హార్మోను పెరుగుతుంది. ఆసుపత్రంటే వీటికి హడల్. అందుకని ఇంట్లోనే, ప్రశాంతంగా ఉన్నప్పుడు, పొద్దున్నే పట్టి తీసుకురామ్మా."

ఆమె తల ఊపింది. వీపు మీద వెంట్రుకలు ఎందుకు ఊడాయో ఆమెకు తెలుసు. ఇంట్లో జరిగేది బయట చెప్పుకోవడం సిగ్గనిపించి ఊరుకుంది.

ఫలితం వచ్చిన రోజు భర్త కూడా వెంట వచ్చాడు.

"హార్మోను ఎక్కువే ఉంది," అంది డాక్టరమ్మ. "కానీ ఇదొక్కటే చాలదు. రక్తపరీక్ష కూడా చేస్తే గట్టిగా తెలుస్తుంది. సగం రోజు పడుతుంది."

"ఇంకో పరీక్షా? ఇదేమన్నా ఉద్యోగానికి వెళ్తోందా? మాత్రలన్నా ఇవ్వండి, సూదేసి చంపనన్నా చంపండి. మీరు చంపకపోతే నా లారీ చక్రం ఉంది."

డాక్టరమ్మ అతని వంక చూసి, కలం తీసింది. "సరే, తక్కువ మోతాదుతో మొదలుపెడదాం. ఒకటి గుర్తుపెట్టుకోమ్మా. ఈ జబ్బు లేని కుక్కకి ఈ మాత్ర పడితే, బతకడానికి కావాల్సిన హార్మోను కూడా ఆగిపోతుంది. వాంతులై కూలబడుతుంది. ప్రాణం పోవచ్చు."

భర్త సిగరెట్టు కోసం బయటికి వెళ్ళాడు. ఆమె లేవబోయి ఆగింది. బల్ల కింద బొద్దు నాలుగు కాళ్ళూ చాపి గురక పెడుతోంది. ఇంట్లో అలా పడుకోగా ఆమె చూసి చాలా కాలమైంది.

"డాక్టరమ్మా, దీనికి ఇక్కడ భయం లేదండీ."

"ఏమన్నావ్?"

"భయమంతా ఇంట్లోనే. మూడు రోజులూ దెబ్బలు తిన్నాకే పట్టాను."

డాక్టరమ్మ కిందికి వంగి, కుక్క వీపు మీది మచ్చలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. లేచి ఆమె వాచిన చెవి చూసింది. బయటికి వెళ్ళి, మళ్ళీ ఉచ్చ పరీక్షకి కుక్కను మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచాలనీ, తోడుగా ఇంటి మనిషి ఉండాలనీ అతనితో కచ్చితంగా చెప్పింది. అతను ఉమ్మేసి వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి వెనక గదిలో ఆమే, కుక్కా పడుకున్నారు. రెండు పొద్దులు రెండు సీసాలు నిండాయి. మూడో పొద్దున, డాక్టరమ్మ దగ్గర పనిచేసే కాంపౌండరమ్మ గరిటె పట్టుకుని కుక్క లేచేదాకా కాచుకుని కూర్చుంది. అప్పుడు ముందు గది తలుపు దభాలున తెరుచుకుంది.

"ఇంట్లో పొయ్యి వెలిగి మూడు రోజులైంది! కుక్కని కట్టుకున్నావా, నన్ను కట్టుకున్నావా?"

కుక్క ఒక చెవి కదిపి మళ్ళీ నిద్రలోకి జారింది. ఆమె గబగబా బయటికొచ్చి వెనక గది తలుపు మూసి గడియ పెట్టింది. "లోపల పరీక్ష జరుగుతోందండీ. కాసేపు," అంది గుసగుసగా.

మొదటి దెబ్బకు పెదవి చిట్లింది. రెండోదానికి వీపు తలుపుకు తగిలింది. ఆ చప్పుడుకు కుక్క ఉలిక్కిపడితే అంతా వృథా అని, ఆమె ఒకడుగు ముందుకు, అతని మీదికే జరిగింది. అతను బెల్టు ఊడదీశాడు. ఆమె ఎడమచెయ్యి నోట్లో కుక్కుకుని కొరికింది. బకిలు భుజం మీద పడింది, మెడ మీద పడింది. అడ్డం పెట్టిన కుడి మణికట్టు దగ్గర ఏదో పుటుక్కుమంది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. చప్పుడు మాత్రం బయటికి రాలేదు.

"అరవ్వేమే? అరువ్!" అన్నాడు పళ్ళు కొరుకుతూ.

తలుపు వెనక నుంచి కాంపౌండరమ్మ గొంతు మెల్లగా వినబడింది. "మా తల్లే... పోసెయ్... అదీ, అంతే." కాసేపటికి లోపలి నుంచి, పనైపోయిందన్నట్టు, ఆవిడ తలుపు మీద గోటితో గీరిన శబ్దం. ఆమె ఎడమచేత్తో గడియ తీసింది.

కాంపౌండరమ్మ బయటికొచ్చి, ముందు సీసాను ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ తర్వాత కొక్కేనికి వేలాడుతున్న మోకు అందుకుంది.

"ఎద్దుల్ని పడగొట్టే చేతులురా ఇవి. నువ్వెంత, వాటి తోకంత లేవు!"

ఉచ్చు మెడలో పడింది. ఒక్క గుంజుకు అతని మొహం నేలకు కొట్టుకుంది. ముందు పన్ను ఊడి బల్ల కిందికి దొర్లింది. ఆవిడ అతని వీపు మీద కూర్చుని, చేతులు వెనక్కి విరిచి కట్టి, డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

పోలీసులు అతన్ని తీసుకెళ్ళాక, ఆమె మణికట్టుకు కాంపౌండరమ్మే బద్ద కట్టింది.

"పెద్దాసుపత్రికి వెళ్ళేదాకా ఇది ఉండనీ. కుక్కలకి కట్టేదేలే. మొరక్కుండా ఉంటే బిస్కెట్టు ఇస్తా."

ఆమెకు నవ్వు వచ్చింది. పెదవి మళ్ళీ చిట్లింది.

మర్నాడు ఫలితం వచ్చింది. మూడు సీసాల్లోనూ హార్మోను మామూలుగానే ఉంది.

"ఆ జబ్బు లేదు," అంది డాక్టరమ్మ. "నిద్రలోనే కారిపోతోంది, నేను కూడా చూశాను. దీనిలాగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో కొన్నిటికి వయసు మీద పడ్డాక ఆడ హార్మోను లేక ఉచ్చసంచి మూతి వదులవుతుంది. దానికి వేరే మాత్ర ఉంది. నేను రాసిచ్చింది వేసుంటే ఈపాటికి చచ్చుండేది. తప్పు నాది కూడా."

"ఆ కొత్త మాత్ర ఏ వేళకి వెయ్యాలండీ?"

"ముందు ఎక్కడుంటావో చెప్పు."

"మా ఇంట్లోనే!" అని కాంపౌండరమ్మ గదిలోంచి కేకేసింది. "లేగదూడ పట్టే గది ఉంది. వీళ్ళిద్దరూ పట్టరా?"

గుమ్మంలో పోలీసు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. "చేతికి ఎలా తగిలిందమ్మా? జారిపడ్డావని మీ ఆయన అంటున్నాడు."

"కొట్టాడు," అంది ఆమె. గొంతు గది దాటి వీధిలోకి వినిపించింది. "కూర్చోండి. మొదటి దెబ్బ నుంచి చెప్తాను."