బుధవారం మధ్యాహ్నాలు

“మా వదినకేముంది, ఖాళీయే కదా!” అన్నాడు మరిది, కొట్టు ముందు గల్లా దగ్గర నిలబడి.

తెర వెనక కుట్టుమిషను ముందు కూర్చున్న ఆ ఖాళీ మనిషి అప్పుడు ఒక కోటు లైనింగు విప్పుతోంది. కాళ్ల దగ్గర కాజాలు తియ్యాల్సిన చొక్కాల కుప్ప ఉంది. పక్కన ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది. మేడ మీద పొయ్యి మీద కూర సన్నని సెగన ఉడుకుతోంది. అది మాడిందంటే, కళ్లెక్కడ పెట్టుకున్నావని అడిగేది కూడా ఈ ఖాళీ మనిషినే.

వచ్చినవాళ్లు కాలేజీ విద్యార్థి సంఘం పిల్లలు. వర్షాలకు పల్లపు వీధి ఇళ్లన్నీ మునిగిపోయి, అక్కడివాళ్లంతా బడి హాల్లో చాపలేసుకుని పడుకుంటున్నారు. వాళ్ల కోసం చందాలు పోగుచేస్తూ పిల్లలు వీధివీధీ తిరుగుతున్నారు. సంఘం ప్రెసిడెంటు కత్తిరించిన జుట్టు పిల్ల. ఆమె వెంట తిరిగే కుర్రాడికి గొంతు పెద్దది కావడంతో అందరూ ‘మైకు’ అని పిలుస్తారు. మిషను చప్పుడులో వాళ్ల మాటలు సగమే వినపడ్డాయి. తర్వాత చప్పట్లు వినపడ్డాయి. “థాంక్యూ అంకుల్, మీలాంటివాళ్లు ఉండబట్టే!” అని మైకు అరిచింది మాత్రం స్పష్టంగా వినపడింది.

సంచులో దుప్పట్లో కుట్టమని ఉంటారులే అనుకుంది. అయితే మంచిదే. పల్లపు వీధి పిల్లలకు దుప్పట్లు కుడదామని తనకే ఉంది. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలు ఇమ్మని అడిగితే “ముక్కలకీ ధర ఉంటుంది వదినా” అన్నాడు మరిది. ఈ ఇంట్లో గుండీకి ధర ఉంది, దారపు ఉండకు ధర ఉంది. లేనిది ఒక్కదానికే.

కొట్టు భర్త పెట్టింది. కొలతలు తీయడం, రాయడం ఆయన పని, కుట్టడం ఆమె పని. “నాకూ నాలుగక్షరాలు నేర్పు, కొలతలు నేనే రాసుకుంటా” అని కొత్తలో అడిగితే, “నేర్చుకుని ఎవరికి ఉత్తరాలు రాస్తావు?” అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు, ఆ నవ్వు కూడా చెడ్డది కాదు. కానీ ఆ నవ్వు తర్వాత మళ్లీ అడగడానికి నోరు రాలేదు. ఆయన పోయాక మరిది వచ్చి గల్లా ముందు కూర్చున్నాడు. ఆమె తెర వెనక ఉన్నచోటే ఉంది. జీతం సంగతి ఒకసారి ఎత్తితే మరిది చాలా నొచ్చుకున్నాడు. “ఇంటి మనిషికి జీతమేంటి వదినా? నిన్ను నువ్వే పరాయిదాన్ని చేసుకుంటావా?” అన్నాడు. ఇంటి మనిషి! పని ఉన్నప్పుడు ఇంటి మనిషి, పంపకాలప్పుడు పరాయి మనిషి. అత్తగారు పోయిన రోజున ఆ మరిదే వసారాలో ఎవరితోనో, “పోయేవాళ్లు హాయిగా పోతారు, ఖర్చంతా ఉన్నవాళ్ల నెత్తిన” అనడం ఆమె చెవిన పడింది. కన్నతల్లికే ఆ మాటొస్తే రేపు తనకెలాంటి మాటొస్తుంది? ఆ వారం నుంచే గుండీల డబ్బాలో దాచడం మొదలుపెట్టింది. ఇరుగుపొరుగు తెచ్చే చిన్నాచితకా కుట్లకు వాళ్లు చేతిలో పెట్టేది అందులోకి పోయేది. తన చావు ఖర్చు తనదే. ఎవరి నోటా ఒక్క మాట పడకుండా మట్టిలోకి పోవాలి. ఇన్నేళ్లలో తన కోసం ఆమె కోరుకున్నది అదొక్కటే.

కాదు, ఈమధ్య ఇంకొకటి కూడా ఉంది. బుధవారం కొట్టు ఒంటిపూటే. ఆ మధ్యాహ్నం లైబ్రరీలో వయసు మళ్లిన ఆడవాళ్లకు చదువు చెబుతారు. చెప్పేది రిటైరైన నర్సమ్మ. తప్పు చదివితే తిట్టదు, “మళ్లీ కుట్టు” అంటుంది ఈమెను చూసి, మిగతావాళ్లు నవ్వుతారు. ఆ నవ్వులో మాత్రం తానూ కలుస్తుంది. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ వస్తుంది. మందుల షాపు, చెప్పుల దుకాణం, ఇచ్చట సైకిళ్లు బాగు చేయబడును. ఇన్నేళ్లూ ఈ వీధి మూగదనుకుంది.

ఆ చదువే ఆమెకు సంగతి చెప్పింది. మర్నాడు రొట్టెల కోసం బేకరీకి వెళ్తే అద్దానికి పెద్ద పోస్టరు అంటించి ఉంది. వేలితో ఒక్కో మాటా తడుముకుంటూ చదివింది. పల్లపు వీధి కోసం మధ్యాహ్నాల వేలం. మన వ్యాపారులు తమ సమయం దానం చేస్తున్నారు, మీరు పాడుకోండి. సైకిలు మెకానిక్కు శనివారాలు ఇచ్చాడు. మంగలి ఆదివారం పొద్దుటిపూటలు ఇచ్చాడు. బేకరీ ఆయన రొట్టె చేయడం నేర్పుతాడట. ఆ కింద తమ కొట్టు పేరు ఉంది. దాని పక్కన: ఏడాది పొడుగునా బుధవారం మధ్యాహ్నాలు, మీ ఇంటికే వచ్చి ఉచితంగా కుట్టు పని.

మళ్లీ చదివింది. తప్పు చదివానేమోనని ఇంకోసారి చదివింది. తప్పు చదవలేదు.

“మీ మరిది చెయ్యి పెద్దదమ్మా” అన్నాడు బేకరీ ఆయన రొట్టె చుడుతూ.

“అవును, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినంత పెద్దది” అంది ఆమె. ఆయన హాస్యమనుకుని నవ్వాడు.

మెకానిక్కు తన చేతులిచ్చాడు. మంగలి తన చేతులిచ్చాడు. మరిదికి కనీసం గుండీ కుట్టడం రాదు, సూదిలో దారం ఎక్కించడమూ రాదు. ఇచ్చింది ఎవరి చేతులు? అడిగి ఉంటే ఇచ్చేదేమో కూడా. ఆదివారం ఇచ్చేది, పొద్దున్నే లేచి ఇచ్చేది. వారమంతా వదిలి, సరిగ్గా ఆ ఒక్క పూటే దొరికిందా?

అన్నం దగ్గర అడిగింది. మరిది కంచంలోంచి తలెత్తలేదు.

“ఊరందరూ ఇస్తుంటే మనం ఇవ్వకపోతే బాగుంటుందా?”

“మనం కాదుగా, నేను. నన్నడగలేదు.”

“అడిగితే కాదంటావా ఏంటి? నీకు జాలి ఎక్కువని నాకు తెలీదా? మంచి పేరు ఎవరికి, నీక్కాదూ?”

“పోస్టరు మీద కొట్టు పేరుంది.”

మరిది చెయ్యి ఆగింది. ఆమె ఆ పోస్టరు చదివిందన్న సంగతి అతనికి అప్పుడే తట్టింది. తోడికోడలు మంచినీళ్లు పోస్తూ కలగజేసుకుంది. “పోనీలే అక్కా, ఆ చదువు వచ్చే ఏడాది చదువుకోవచ్చు. అక్షరాలు ఎక్కడికి పారిపోతాయి?”

అక్షరాలు పారిపోవు. పారిపోయేది వయసు. ఆ మాట గొంతు దాకా వచ్చి మెతుకుతో పాటు దిగిపోయింది. ఈ ఇంట్లో ఇలా మింగిన మాటలన్నీ పోగేస్తే ఎంత కుప్పవుతుందో! అన్నం తిన్న కంచాలు మళ్లీ తనే తోమింది. కోపంగా తోమితే కంచాలు బాగా మెరుస్తాయి, అంతకు మించి ఏమీ కాదు.

ప్రెసిడెంటు పిల్ల కాలేజీ గేటు దగ్గర దొరికింది. సంగతి వినగానే దాని మొహం చిన్నబోయింది.

“అయ్యో ఆంటీ, మీరే ముందుకొచ్చారని చెప్పారు అంకుల్! ‘మా వదిన పట్టుబట్టింది’ అన్నారు.”

“నేనేం పట్టుబట్టలేదమ్మా. తీసేయ్ పోస్టరు మీంచి ఆ మాట.”

“పోస్టర్లు ఊరంతా అంటించేశాం ఆంటీ. ఒకళ్లు వెనక్కి తగ్గారంటే ఫొటో స్టూడియో ఆయన కూడా తగ్గుతాడు, ఆయన ఇప్పటికే సణుగుతున్నాడు. ఆ హాల్లో చంటిపిల్లలు కూడా ఉన్నారు...” అని ఆగింది. పిల్ల అబద్ధం ఆడటం లేదు, అదే బాధ. మంచి పని అడ్డం పెట్టుకుని అడిగితే కాదన్న మనిషే చెడ్డదవుతుంది.

“కొన్నవాళ్లు ఏం పని చెప్పినా చెయ్యాలా?”

“వాళ్లిష్టం ఆంటీ. ఆ మధ్యాహ్నాలు ఇక వాళ్లవే కదా.”

“ఎవరైనా పాడుకోవచ్చా?”

“ఎవరైనా.”

ఆదివారం మధ్యాహ్నం కాలేజీ హాలు నిండిపోయింది. దాతలకు ముందు వరస కుర్చీలు వేశారు. మరిది ఇస్త్రీ చొక్కాతో అక్కడ కూర్చున్నాడు. ఆ ఇస్త్రీ ఎవరు చేశారో చెప్పక్కర్లేదు. ఆమె వెనక వరసలో, సంచిలో గుండీల డబ్బాతో కూర్చుంది. మెకానిక్కు శనివారాలు పోయాయి. మంగలి పేరు రాగానే బట్టతలాయన ఒకాయన సరదాకి చెయ్యెత్తితే హాలంతా గొల్లుమంది. తర్వాత మైకు తమ కొట్టు పేరు చదివాడు. మరిది లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు.

తోటబంగళా ఆవిడ వెంటనే పాట మొదలుపెట్టింది. “కర్టెన్లున్నాయి, కుషన్లున్నాయి, ఏడాదికి సరిపడా పని ఉంది నా దగ్గర” అంది పక్కావిడతో, అందరికీ వినపడేలా. హోటలాయన పెంచాడు. ఆవిడ ఇంకా పెంచింది. ఎవరూ వెనక్కి తిరిగి, ఆ కుట్టే మనిషి ఎక్కడుందని చూడలేదు.

ఆమె చెయ్యెత్తింది.

మైకు ముందు ఆమెను చూడలేదు. చూశాక, ఆమె ఏదో అడగబోతోందనుకున్నాడు. ఆమె నిలబడి తన పాట గట్టిగా చెప్పింది. తోటబంగళా ఆవిడ పెంచింది. ఆమె మళ్లీ పెంచింది. చిన్నాచితకా కుట్లు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నట్టుగా ఉంది. పాట డబ్బా అడుగు కనిపించే దాకా వెళ్లింది. తోటబంగళా ఆవిడ విసుగ్గా విసనకర్ర ఊపి “పోనీండి” అంది.

ప్రెసిడెంటు పిల్ల ఆ కుర్రాడి చేతిలోంచి అసలు మైకు లాక్కుంది. “ఆంటీ, ఆ మధ్యాహ్నాలు మీరు కుట్టేవే కదా. మీరేం కుట్టించుకుంటారు?”

“ఏమీ కుట్టించుకోనమ్మా. చదువుకుంటాను.”

ముందుగా చప్పట్లు కొట్టింది పక్క గుమ్మం దగ్గరున్న నర్సమ్మ. తర్వాత మంగలి. తర్వాత అందరూ. డబ్బాలోది ప్రెసిడెంటు పిల్ల చేతుల్లో ఒంపేసింది. చచ్చాక తనను మోయడానికి దాచుకున్నదంతా పల్లపు వీధి పిల్లలకు వెళ్లింది. మొదటిసారిగా తన చేత్తో తాను ఇచ్చింది. డబ్బాలో రెండు గుండీలు మాత్రం గలగలమన్నాయి.

బయట మెట్ల దగ్గర మరిది పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది, గొంతు మాత్రం తగ్గించాడు, జనం వింటారని.

“పదిమందిలో పరువు తీశావు వదినా. అంత కావాలంటే నన్నడిగితే ఆ బుధవారాలు నేనే ఇచ్చేవాణ్ణి కదా!”

“నీ దగ్గర ఎప్పుడున్నాయి బాబూ, ఇవ్వడానికి?”

ఆమె ఖాళీ డబ్బా సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది. దిగుతూ వెనక్కి తిరిగి, ఎప్పుడూ అన్నానికి పిలిచే గొంతుతోనే అంది.

“నా ఒక్క పూట ధరెంతో ఇవాళ నువ్వే ఊరందరి ముందూ పాట పెట్టించావు. మిగతా పూటల సంగతి రేపు కొట్టు తెరిచే ముందు మాట్లాడుకుందాం.”