తెల్లపూలు

మొక్కజొన్న పొరలతో అల్లిన సంచిలో టబిత ఎండుచేపలు సర్దింది, ఉప్పు మూట పెట్టింది, మళ్ళీ అన్నీ బయటికి తీసి మొదటినుంచి సర్దింది. చెల్లెలు లోటీ, మరిది ఈనోక్ కామస్ దుంపలు తవ్వడానికి వీప్ మైదానానికి బయలుదేరుతున్నారు. గుర్రం మీద ఒక రోజు ప్రయాణం.

"తెల్లవి పీకేశావు కదే?" అంది టబిత. పొద్దున్నుంచి అది నాలుగోసారి.

"పీకేశానే అక్కా! ఈయన్ని నాకు కట్టబెట్టేటప్పుడు కూడా నువ్విన్ని ఆరాలు తీయలేదు."

"తీసుంటే బాగుండేది. నేను తప్పించుకునేవాణ్ణి," అన్నాడు ఈనోక్, జీను బిగిస్తూ.

"నువ్వు చేపలు నములుతూ కూర్చో. తియ్యటి దుంప నోట పెట్టలేనివాడికి మాటలెక్కువ!" అంది లోటీ.

నీలంగా పూసేది తిండి, తెల్లగా పూసేది విషం. పూత రాలిపోయాక మట్టిలో రెండు దుంపలూ ఒక్కలాగే ఉంటాయి, అదే పొట్టు, అదే తెల్లటి కండ. చుట్టరికం లేకపోయినా ఒకే తడినేల రెంటినీ ఒకే అచ్చులో పోసినట్టు! అందుకే ఏటా జూన్‌లో, పూతమీద ఉండగానే, టబిత ఆ మైదానంలోని తమ మడికి వెళ్ళి తెల్లవన్నీ పీకి పారేసేది. ఈ జూన్‌లో ఆమె జ్వరంతో మంచం పట్టింది. మొదటిసారి లోటీ ఒక్కతే వెళ్ళింది.

శనివారం వాళ్ళు వెళ్ళిపోయారు. ఆదివారం గుడిలో టబిత పాటల పుస్తకం తెరిస్తే, లోటీ జూన్‌లో తాను పీకినవాటిలోంచి తెచ్చి గుర్తుకోసం పెట్టుకున్న ఎండుపువ్వు ఒళ్ళో పడింది. తెల్లటిది. ఆరు పొడవాటి సన్నరేకులు, అరచేతిలో సగం నిండే నక్షత్రం.

టబిత దాన్ని వెలుగుకు పట్టి చూసింది. విషప్పువ్వు ఇది కాదు. అది గోరంత ఉంటుంది, గుత్తులుగా, మీగడ రంగులో, రేకు మొదట్లో ఆకుపచ్చ చుక్కతో. ఇది నీలం కామసే. వేయింట ఒకటి ఇలా తెల్లగా పుడుతుంది. లోటీ మంచివాటిని పీకి, మీగడరంగు వాటిని మడిలోనే వదిలేసింది. మంచంలోంచి తాను చెప్పింది ఒక్కటే మాట: తెల్లవి పీకెయ్యి. ఎంత ఉంటాయో చెప్పలేదు. రేకు మొదట్లో చూడమని చెప్పలేదు.

ఆదివారం ఎవరూ తవ్వరు. సోమవారం తవ్వి, తొలి గుప్పెడు ఆ సాయంత్రం ఉడకబెడతారు. సాయంత్రం దాకా సమయముంది.

ఊళ్ళో గుర్రాలన్నీ తవ్వకానికే పోయాయి. పాస్టరుగారి ముసలి గుర్రం మాత్రం దొరికింది, అది చీకటి పడకముందే కుంటడం మొదలెట్టింది. సోమవారం పొద్దున దాన్ని చెట్టుకు కట్టేసి టబిత నడిచింది. పడింది, లేచింది, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తూ నడిచింది. మైదానం అంచు చేరేసరికి ఎండ ఇంకా వాలలేదు. వేళకి అందుకున్నాననుకుంది.

ఈనోక్ ఎదురొచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"సాయంత్రం దాకా ఆగలేనంది వదినా. మధ్యాహ్నమే ఉడకబెట్టుకుంది."

లోటీ వీప్ నుంచి తిరిగి రాలేదు. అది 1908 జూలై ఇరవై ఏడు, సోమవారం.